ఆడపిల్లల చదువుకిచ్చే నిధులను ఫలితాలతో ముడిపెట్టడం సబబేనా?

ప్రశ్న: వెనుకబడిన సముదాయాల్లో ఆడపిల్లల చదువు, భద్రతల కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థలకు, ఫలితం తేలాకే సొమ్ము చెల్లిస్తామని కొందరు దాతలు అంటున్నారు. ఈ పద్ధతి సబబేనా?

స్పందన 1: నా దృష్టిలో సబబే. రాజస్థాన్‌లోని భీల్వాడా జిల్లాలో ఎడ్యుకేట్ గర్ల్స్ సంస్థ 2015 నుంచి 2018 వరకు ఇదే పద్ధతిలో పనిచేసింది. ముందుగా యూబీఎస్ ఆప్టిమస్ ఫౌండేషన్ పెట్టుబడి పెట్టగా, స్వతంత్ర మదింపు పూర్తయ్యాక మరో దాతృసంస్థ దాన్ని రాబడితో సహా తిరిగి చెల్లించింది. తొలి రెండేళ్లు వెనుకబడినా, చివరికి చదువులో లక్ష్యానికి 160 శాతం, బడిలో చేర్పించడంలో 116 శాతం సాధించారు. ఎంత ఖర్చయిందని కాక, పిల్లకు ఏం వచ్చిందని అడిగినందువల్లే ఇది సాధ్యపడింది.

స్పందన 2: ఆ ఫలితాలను నేనూ గౌరవిస్తాను. అయితే ఆ ఒప్పందంలో చెల్లింపు 80 శాతం చదువుకు, 20 శాతం చేర్పుకు ముడిపడి ఉంది. భద్రతకు అందులో చోటే లేదు. భద్రతను అదే కొలతతో చూడబోతే లెక్క తలకిందులవుతుంది. బడిలోని ఫిర్యాదుల పెట్టె తాళంచెవిని ప్రధానోపాధ్యాయుడి దగ్గర కాక, బయటి నుంచి వచ్చే కౌన్సెలర్ దగ్గర ఉంచితే, అంతవరకు ఖాళీగా ఉన్న పెట్టెలో చీటీలు పడటం మొదలవుతుంది. నివేదికలో వేధింపులు పెరిగినట్టు కనిపిస్తుంది కానీ, నిజానికి పెరిగింది పిల్లల ధైర్యం. ఫిర్యాదులు తగ్గితేనే సొమ్ము అన్నామంటే, పిల్లల నోరు మూయించడానికి మనమే డబ్బిచ్చినట్టవుతుంది.

ఇంకొక విషయం. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం నిర్దేశిస్తోంది. ఫిర్యాదు చేయించిన సంస్థ గ్రాంటు విచారణ మధ్యలోనే ముగిసిపోతే, ఆ పిల్లతో కోర్టు మెట్లెక్కేది ఎవరు?

స్పందన 1: ఫిర్యాదుల సంఖ్య విషయంలో మీ మాట సమంజసమే. కానీ షరతే లేకపోతే జవాబుదారీతనం ఎలా వస్తుంది? ఎన్ని రోజుల్లో స్పందించారన్నదైనా కొలవాలి కదా?

స్పందన 2: తప్పకుండా కొలవండి, తనిఖీ కూడా చేయండి, చెల్లింపును మాత్రం దానితో ముడిపెట్టకండి, ఎందుకంటే గడువు కోసం రాజీ కుదిర్చి కేసు మూసేసే ప్రమాదం ఉంది. చదువుకిచ్చే నిధిని ఫలితాన్ని బట్టి ఇచ్చినా నాకు అభ్యంతరం లేదు. కౌన్సెలర్ జీతాన్నీ, కోర్టుకు తోడు వెళ్లేవారి ఖర్చునూ మాత్రం కేసు తేలేదాకా ముందుగానే కేటాయించాలి.