బంజరా, బీడా, కంచా? గొర్రెలు మేసే సున్నపురాయి నేలను ఏమనాలి?

ప్రశ్న (బల్లార్‌పూర్ నుంచి)

అందరికీ నమస్కారం. మా తెలుగు సంఘం పత్రికకు దక్షిణ ఫ్రాన్సులోని కోస్ ప్రాంతం గురించి ఒక వ్యాసం రాస్తున్నాను. అదంతా ఎత్తైన సున్నపురాయి నేల. సోవ్‌తేర్, మేజాన్, న్వార్, లార్జాక్ అని నాలుగు పెద్ద కోస్‌లు ఉన్నాయి. పక్కనున్న సెవెన్ (Cévennes) అనే కొండలతో కలిపి 3 లక్షల హెక్టార్లకు పైగా నేలను 2011లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. చేర్చింది అక్కడి గొర్రెల మేపు కోసం, తరతరాల కాపరుల బతుకు కోసం. ఫొటోల్లో చూస్తే చెట్లు తక్కువ, ఎటు చూసినా రాళ్ళు, పొట్టి గడ్డి. "బంజరు భూములు" అని రాశాను కానీ మనసొప్పడం లేదు. "పచ్చిక బయళ్ళు" అంటే ఊటీ లాంటిది కళ్ళముందుకొస్తుంది. మీరైతే ఏం రాస్తారు?

జవాబు (రాజురా నుంచి)

అక్కా, బడి పుస్తకంలో ఉన్నట్టు "సున్నపురాయి పీఠభూమి" అంటే సరిపోతుంది కదా? మన కోర్పనా, గడ్‌చందూర్ వైపు కూడా కింద సున్నపురాయే. ఇక్కడ చదివేవాళ్ళకు వెంటనే అర్థమవుతుంది.

జవాబు (సిరొంచ నుంచి)

తమ్ముడు చెప్పింది మొదటిసారి పరిచయం చేసేటప్పుడు బాగుంటుంది. కానీ పీఠభూమి అనేది నేల ఆకారం గురించిన మాట. అక్కడ బతికేవాళ్ళు అందులో కనిపించరు. అక్క వ్యాసమంతా వాళ్ళ గురించే.

"బంజరు" మాత్రం దయచేసి తీసేయండి. మా ఇంట్లో మూడు తరాలు జీవాలు కాసినవాళ్ళే, అందుకే ఈ మాట దగ్గర గట్టిగా చెబుతున్నాను. కాగితం మీద బంజరని పడిందంటే ఆ నేల ఎవరికీ పట్టనిదని అర్థం. తర్వాత ఎవరికైనా ఇచ్చేయొచ్చు. లార్జాక్‌లో అదే జరగబోయింది. అక్కడి సైనిక శిబిరాన్ని 3,000 హెక్టార్ల నుంచి 17,000 హెక్టార్లకు పెంచుతామని 1971లో ఫ్రాన్సు ప్రభుత్వం ప్రకటించింది. జనం పలచగా ఉన్న రాళ్ళనేల, పోతే ఏమిటి అనుకున్నారు. 1972లో 103 మంది రైతులు భూమి అమ్మబోమని ఒట్టు పెట్టుకుని సంతకాలు చేశారు. అదే ఏడాది గొర్రెలను పారిస్ దాకా తీసుకెళ్ళి ఈఫిల్ టవర్ కింద మేపారు. పదేళ్ళు కొట్లాడారు. 1981లో మిత్తెరాన్ అధ్యక్షుడయ్యాక ఆ పథకం రద్దయింది. అప్పటికే సర్కారు కొనేసిన 6,000 హెక్టార్లకు పైగా నేలను 1985లో రైతుల సంఘానికే దీర్ఘకాలం కౌలుకిచ్చారు.

మన పాఠకులకు తప్పక చెప్పాల్సిన విషయం ఇంకొకటి ఉంది. ఆ రైతులకు ఆయుధం పట్టకుండా పోరాడే దారి చూపినవాళ్ళలో లాంజా దెల్ వాస్తో ఒకరు. ఇటలీలో పుట్టిన మనిషి. 1937లో మన పక్క జిల్లా వార్ధాకు వచ్చి గాంధీగారి దగ్గర ఉన్నారు. శాంతిదాస్ అని పేరు పెట్టింది గాంధీగారే. 1972లో లార్జాక్ రైతులకు తోడుగా ఆయన 15 రోజులు ఉపవాసం చేశారు. వార్ధాలో నేర్చుకున్నది అంత దూరాన గొర్రెల నేలను కాపాడటానికి పనికొచ్చింది. ఈ ముక్క వదలొద్దు అక్కా.

ఇక నేల సంగతి. వానలు లేక అది ఎండినట్టు కనిపించడం కాదు. పడ్డ నీళ్ళు సున్నపురాయి పగుళ్ళలోంచి కిందికి దిగిపోతాయి. పైన వాగు ఉండదు. ఆ నీళ్ళు ఎక్కడో కింద తార్న్, జోంత్ నదుల లోయల్లో ఊటలై బయటపడతాయి. పైన అక్కడక్కడా గిన్నెలా కుంగిన చోట్ల మాత్రం ఎర్రమట్టి చేరుతుంది. పంట వేసేది అక్కడే. మిగతా అంతా మేత. చెట్లు లేకపోవడం కూడా గొర్రెల వల్లే. వందల ఏళ్ళుగా మేసి మేసి అలా ఉంచాయి. మేపు ఆగిన చోట కొన్నేళ్ళలోనే పొదలు, పైన్ చెట్లు కమ్ముకొస్తున్నాయి. అంటే ఆ నేలను జీవాలూ కాపరులూ కలిసి తయారు చేశారు, ఇప్పటికీ నిలబెడుతున్నారు. అలాంటిదాన్ని బంజరని ఎలా అంటాం?

నా ఓటు "బీడు"కు. "మేత బీడు" అంటే ఇంకా స్పష్టం.

జవాబు (కిన్వట్ నుంచి)

అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ "పొలం బీడు పడింది" అన్నప్పుడు సేద్యం లేక పాడైందనే కదా వినిపిస్తుంది? మా వైపు ఊరి మేత నేలను గైరాన్ అంటాం. మరాఠీ మాటే అయినా మా తెలుగులో కలిసిపోయింది. అది వద్దంటే తెలంగాణలో "కంచ" ఉంది.

జవాబు (సిరొంచ నుంచి)

బీడు పడటం వేరు, బీడుకు తోలడం వేరు. గొర్లను బీడుకు తోలారంటే నేల పాడైందని ఎవరూ అనుకోరు. ముందు "మేత" చేరిస్తే ఆ కాస్త అనుమానం కూడా ఉండదు. కంచ మంచి మాటే, నాకిష్టం. కానీ కోస్తా పాఠకుడు కంచె అనుకుని ముళ్ళకంప దగ్గర ఆగిపోతాడు. గైరాన్ ఊరందరిదీ. కోస్‌లో చాలా నేల సొంత రైతులది. కాబట్టి అది సరిగ్గా అతకదు.

ప్రశ్న (బల్లార్‌పూర్ నుంచి)

బంజరు తీసేశాను. మొదటిసారి "కోస్ అనే సున్నపురాయి పీఠభూమి", తర్వాత అంతటా "మేత బీళ్ళు" అని పెడుతున్నాను. ఇంకో మూడు ఉన్నాయి. ఎండాకాలం మొదట్లో మైదానాల నుంచి మందలు ఎగువ కొండలకు నడిచే పాత దారి ఒకటి. వాన నీళ్ళు నిలవడానికి పల్లంలో బంకమట్టి మెత్తి రాళ్ళు పరిచి కట్టిన చిన్న మడుగు ఒకటి. గొర్రెలు రాత్రి పడుకునే రాతి కట్టడం ఒకటి.

జవాబు (సిరొంచ నుంచి)

గొర్ల బాట, కుంట, దొడ్డి. కొత్త మాటలు కట్టాల్సిన పనే లేదు. డొంక అనవచ్చు కానీ అది ఊరి పొలాల మధ్య దారి. వీళ్ళు 1,500 మీటర్లు దాటిన ఎగ్వాల్ కొండ దాకా పోతారు, అందుకే బాట. "ఋతు సంబంధ పశు వలస" లాంటివి వద్దు. వలస అంటే పొట్ట చేతపట్టుకుని పోవడం గుర్తొస్తుంది. మందను ఎగువకు తోలుతారు, మళ్ళీ దించుతారు అంటే చాలు.

ఆ కొండల్లోనూ పాతరోజుల్లో రైతులు ఎరువు కోసం రాత్రిపూట పొలంలో మందను నిలిపించుకునేవారు. దానికి "మంద పెట్టించడం" అని రాయండి, మరో మాట వెతకొద్దు.

జవాబు (రాజురా నుంచి)

జున్ను సంగతి కూడా వస్తుందా అక్కా? రోక్‌ఫోర్ అక్కడిదే కదా.

జవాబు (బల్లార్‌పూర్ నుంచి)

వస్తుంది తమ్ముడూ. లకోన్ జాతి గొర్రెల పాలతోనే చేస్తారు. కొండ పగుళ్ళలోంచి చల్లటి తేమగాలి వచ్చే గుహల్లో మాగబెడతారు. ఆ పేరుకు 1925లోనే చట్టం రక్షణ ఇచ్చింది. కానీ మన జున్ను వేరు, మొదటి పాలతో చేసేది. అందుకే "చీజ్" అనే ఉంచుతున్నాను.