లగేజీ సగమే ఇంగ్లీషు: 'బగాజ్' అనే ఫ్రెంచి మాట తిరిగిన దారులు

'లగేజీ' ముమ్మూర్తులా ఇంగ్లీషు పదమనీ, దానికి బదులు 'సామాను' వాడితే తెలుగును కాపాడినట్టవుతుందనీ తెలుగులో పరభాషా పదాల వాడుక మీద జరిగిన ఒక చర్చలో ఒక మిత్రులు వాదించారు. ఆ పదంలో ఇంగ్లీషు సగమే. లాగడం, ఈడ్చడం అనే అర్థమున్న 'లగ్' అనే క్రియకు, అప్పటికే తమ భాషలో స్థిరపడిన 'బ్యాగేజ్'ను చూసి, 16వ శతాబ్దం చివరలో ఇంగ్లీషువారు 'ఏజ్' అనే తోక తగిలించారు. ఆ బ్యాగేజ్ ఫ్రెంచి 'బగాజ్' నుంచి వచ్చింది.

పాత ఫ్రెంచిలో 'బాగ్' అంటే మూట. దాని పుట్టుక గురించి పండితులు నేటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. నేటి ఫ్రెంచిలో ఉంగరాన్ని కూడా 'బాగ్' అనే అంటారు గాని అది డచ్చి వైపు నుంచి వచ్చిన వేరే మాట, రెంటినీ ముడిపెట్టకూడదు. మూటకు 'ఆజ్' చేరితే మూటల సముదాయం, అంటే బగాజ్ అయింది.

ఈ పదాన్ని ఊళ్లు తిప్పింది యాత్రికుల కంటే ముందు సైన్యాలు. ముట్టడిలో కోటను అప్పగించిన దళం తన ఆయుధాలతోను, బగాజ్‌తోను బయటికి నడిచిపోవడానికి విజేత ఒప్పుకుంటే అది గౌరవప్రదమైన ఓటమి. 'ఆయుధాలూ బగాజులూ' అనే జంటపదం ఫ్రెంచిలోను, ఇటాలియన్‌లోను నేటికీ నిలిచి ఉంది. ఇంగ్లీషువారి 'బ్యాగ్ అండ్ బ్యాగేజ్' కూడా ఇలాంటి సైనిక ప్రయోగమే గాని, పోనుపోను అది మన 'తట్టాబుట్టా సర్దుకొని పొండి' అన్నంత కటువుగా మారింది. 1876లో బ్రిటిష్ రాజకీయ నాయకుడు గ్లాడ్‌స్టన్ తన కరపత్రంలో, ఒట్టోమన్ (తుర్కీ సామ్రాజ్యపు) అధికారులు బల్గేరియా నుంచి తరలిపోవాలని సరిగ్గా ఆ మాటలతోనే రాశాడు.

జర్మన్‌లో దీనికి పట్టిన గతి మరీ విచిత్రమైనది. 1618 నుంచి 1648 వరకు సాగిన ముప్పై ఏళ్ల యుద్ధంలో సైన్యాల వెనుక బండ్లతోపాటు సైనికుల భార్యలు, పిల్లలు, పనివాళ్లు, చిల్లర వర్తకులు బారులు తీరి నడిచేవారు. సామాన్ల బండ్లకు పెట్టిన 'బగాజె' అనే పేరు ఆ వెంట నడిచే జనానికీ అంటుకుంది. తరువాత ప్రయాణపు సామానుకు 'గెపెక్' అనే సొంత మాట స్థిరపడి, బగాజె తిట్టుగా మిగిలింది. బంధువులు కట్టకట్టుకొని దిగితే మనం 'పటాలమంతా దిగింది' అంటాం కదా, దానికి కాస్త ఏవగింపు కలిపితే జర్మన్ల 'బగాజె' అవుతుంది.

తరువాత కాలంలో ఈ పదం మోటారు వాహనాలకూ ఎక్కింది. రష్యన్‌లో 'బగాష్' అంటే సామాను, 'బగాజ్నిక్' అంటే కారు వెనుక దాన్ని పెట్టే చోటు; తుర్కీలో 'బగాజ్' ఒక్కటే ఈ రెంటికీ సరిపోతుంది. ఫ్రెంచివారు సైకిలు క్యారియరును 'పోర్త్ బగాజ్' అంటారు. గ్రీకులు, రుమేనియన్లు ఆ సమాసాన్నే తీసుకొని కారు డిక్కీకి వాడుకుంటుండగా, ఫ్రెంచివారు మాత్రం డిక్కీని 'కోఫ్ర్', అంటే పెట్టె, అంటారు. ఫ్రెంచి పాలన చూసిన వియత్నాంలో 'పోర్త్ బగాజ్' కాస్తా 'బాగా' అని కురచబడి సైకిలుకీ మోటారు సైకిలుకీ ఉండే క్యారియరుగానే ఉంది. ఇండోనేషియాకు మాత్రం 'బగాజ్' డచ్చివారి చేతుల మీదుగా వెళ్లి 'బగాసి' అయింది. స్పానిష్‌వారు ప్రయాణపు సామానుకు మరో ఫ్రెంచి మాటనుంచి 'ఎకిపాహె'ను తెచ్చుకొని, 'బగాహె'ను ఎక్కువగా మనిషి మోసే చదువుకు, సంస్కారానికి వాడుతున్నారు.

ఇక మన సంగతి. బగాజ్ తల తెలుగు వాడుకలో అంతగా కుదురుకోలేదు గాని, దాని తోక మాత్రం ఇంగ్లీషు మీదుగా వచ్చి దిట్టంగా పాతుకుపోయింది: లగేజీ, ప్యాకేజీ, మైలేజీ, కవరేజీ, డ్యామేజీ, గ్యారేజీ. ఈ 'ఏజ్' లాటిన్ 'ఆటికుమ్' అరిగి మిగిలిన ముక్క. లాటిన్‌లో 'వియాటికుమ్' అంటే దారి బత్తెం. అదే ఫ్రెంచిలో 'వొయాజ్' అయి ప్రయాణం అనే అర్థానికి వచ్చింది.

పోతే, లగేజీ స్థానంలో పెట్టమంటున్న 'సామాను' పారశీకం నుంచి వచ్చినది, 'సరంజామా' కూడా అంతే. ఒక అరువును తీసి మరో అరువును పెట్టడం వల్ల తెలుగుకు ఒరిగేదేమిటో నాకు బోధపడలేదు. మన సొంత మాటే కావాలంటే 'మూట' ఉండనే ఉంది. అయితే నాలుగు చక్రాల సూట్‌కేసును మూట అనడానికి మాత్రం నాకు నోరు రాదు.