వీఆర్వోలు పోయారు, జీపీవోలు వచ్చారు: రెవెన్యూ మీద నమ్మకం ఏమైనా పెరిగిందా?

ఎర్రమట్టి: తెలంగాణలో 2020 సెప్టెంబరులో వీఆర్వోలను, అంటే గ్రామ రెవెన్యూ అధికారులను, తీసేశారు. ఊళ్లో లంచం అడిగే మనిషే లేకుండా చేస్తే సరి అనుకున్నారు. అక్టోబరు 29న భూమి రికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది. 2025లో అదీ పోయి భూభారతి అనే కొత్త చట్టం, పోర్టల్ వచ్చాయి, గ్రామ పాలన అధికారుల (జీపీవోల) పేరుతో ఊళ్లోకి మళ్లీ మనుషులొచ్చారు. ఐదేళ్లలో తీసేసి పెట్టినదాన్ని ఎవరు నమ్ముతారు? అసలు మనిషిని తీసేయడమే తప్పంటాను.

మూడెకరాల రైతు: తప్పేం కాదన్నా. మ్యుటేషన్ కోసం, అంటే రికార్డులో పేరు మార్పు కోసం, చెప్పులరిగేలా తిరిగినవాళ్లను అడుగు. ధరణిలో మా తమ్ముడు పొద్దున స్లాట్‌కు పోయి మధ్యాహ్నానికి రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ రెండూ చేయించుకొచ్చాడు. ఎవరికీ చాయ్ కూడా తాగించలేదు.

ఎర్రమట్టి: రికార్డు సాఫుగా ఉన్నోళ్లకు అయింది. మా బాబాయి సర్వే నంబరులో పక్కాయన పది గుంటలు కాలువ కింద పోతే, నంబరు మొత్తం నిషేధిత జాబితాలో పడింది. అమ్ముకోలేడు, బ్యాంకులో అప్పు పుట్టదు. మండలాఫీసులో అడిగితే ‘మా లాగిన్‌లో ఆప్షన్ లేదు, కలెక్టరేట్‌కు పో’ అన్నారు. ధరణికి ఆధారమైన 2020 చట్టంలో అప్పీలు లేదు, సివిల్ కోర్టే దిక్కు. వీఆర్వోనైతే నలుగురిలో నిలదీస్తాం. లాగిన్‌ను ఎట్లా నిలదీయాలి?

కచ్చీరు గట్టు: నిలదీసే ఆ నలుగురు ఎవరు? 1984 జనవరిలో ఎన్టీఆర్ ఆర్డినెన్స్ తెచ్చి మా పటేల్ పట్వారీలను, ఆంధ్ర వైపు మునసబు కరణాలను తీసేసినప్పుడు కూడా మా ఊరి పెద్దలు ‘లెక్క తెలిసినోడు పోయాడు’ అనే ఏడ్చారట. సాదా కాగితం మీద భూమి కొన్న మా తాతకు, పహాణీలో, అంటే ఏ పొలం ఎవరిదో రాసే ఊరి రికార్డులో, తన పేరు ఎక్కిందా అని అడిగే ధైర్యం కూడా లేదు. దాన్ని నమ్మకం అనకండి, భయం. కాబట్టి ‘మనిషి ఉంటే చాలు’ అంటే ఒప్పుకోను. అలాగని ధరణిని వెనకేసుకు రావట్లేదు. పహాణీలో అనుభవదారు కాలమ్ ఎగరగొట్టారు. దున్నేవాడి పేరు కనబడకుండా చేయడం పట్వారీ చేసిన పనే, ఈసారి కంప్యూటర్ చేసింది.

కృష్ణా కరకట్ట: మా ఆంధ్రలో వీఆర్వోలు ఉన్నారు, అయినా నమ్మకం నిలవలేదండీ. పొలాలు మళ్లీ కొలిచి రీసర్వే చేసి, ఇచ్చిన పాసుపుస్తకం మీద అప్పటి ముఖ్యమంత్రి జగన్ ఫొటో వేశారు. ‘నా పొలం పుస్తకం మీద ఆయన బొమ్మెందుకురా?’ అని మా నాన్న ఒకటే గొడవ. భూమి హక్కుదారు ఎవరో ప్రభుత్వ రిజిస్టరులోనే తేల్చే ల్యాండ్ టైట్లింగ్ చట్టం మీద 2024 ఎన్నికల్లో సగం పుకార్లే నడిచాయి, కాదనను. కానీ టైటిల్ తగాదా సివిల్ కోర్టుకు కాకుండా అధికారి దగ్గరికి పోవాలన్నది పుకారు కాదు, చట్టంలోనే ఉంది. గెలిచిన ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. ఫొటో వేయకుండా, కోర్టు తలుపు మూయకుండా అదే రీసర్వే చేసి ఉంటే జనం ఇంత బెదిరేవారు కాదని నా అనుమానం.

మూడెకరాల రైతు: భూభారతిలో ఆర్డీవోకు, ఆపైన కలెక్టర్‌కు అప్పీలు పెట్టారు కదా. ఇంకేం కావాలి?

కచ్చీరు గట్టు: అప్పీలు ఉంటే సరిపోదు తమ్మీ. కొట్టేస్తే ఎందుకు కొట్టేశారో తెలుగులో రాసివ్వాలి. జీపీవోల్లో చాలామంది పాత వీఆర్వోలే, పరీక్ష రాసి వచ్చారు. వాళ్లు రాసిన రిపోర్టు మన చేతికి ఇస్తారా, ఫైల్లోనే ఉంచుతారా అన్నది చూడాలి.

ఎర్రమట్టి: బాబాయి అర్జీ పెట్టాడు, రసీదు ఇచ్చారు. ఆర్డర్ వస్తే ఇక్కడే పెడతా. కారణం రాసి కొట్టేస్తే పైకి పోతాం. ‘రిజెక్టెడ్’ అని ఒక్క ముక్క మెసేజ్ వస్తే మాత్రం, గట్టన్నా, నీ మాటే కరెక్ట్ అని నేనే రాస్తా.