విశాఖ–హైదరాబాద్–దుబాయ్: మధ్యలో రెండున్నర గంటలు సరిపోతాయా?

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం దగ్గర పల్లెటూరు. మా తమ్ముడు పని మీద మొదటిసారి దుబాయ్ వెళ్తున్నాడు. మా ఇంట్లో ఇంతవరకూ ఎవరూ విమానం ఎక్కలేదు, అందుకే ఈ టెన్షన్.

విశాఖలో ఉదయం 6:30కి బయలుదేరితే 7:50కి హైదరాబాద్. నేరుగా కొలిస్తే 510 కిలోమీటర్లే కదా, గంటా ఇరవై నిమిషాలు ఎందుకా అనుకున్నాను. రన్‌వే దాకా వెళ్లడం, దిగాక ఆగేచోటికి రావడం కూడా అందులోనే కలుపుతారట.

అసలు భయం తర్వాతిది. దుబాయ్ విమానం 10:20కి. రెండు టికెట్లూ విడివిడిగా కొన్నాం. అంటే శంషాబాద్‌లో బ్యాగు తీసుకుని, బయటికొచ్చి, మళ్లీ చెక్-ఇన్, ఆపైన ఇమిగ్రేషన్. అంతర్జాతీయ ప్రయాణానికి మూడు గంటల ముందే ఉండమంటారు. మొదటి విమానం అరగంట లేటయితే వాడి గతేమిటి? రెండోది తప్పిపోతే టికెట్ డబ్బులు పోయినట్టేనా?

దిగేది అక్కడి టైము 12:35కి. మనకంటే గంటన్నర వెనక కాబట్టి ప్రయాణం రెండుంబావు గంటలే కాదు, మూడు గంటల నలభై ఐదు నిమిషాలని అమ్మకి లెక్క చెప్పాను. వాడు ఫోన్ చేసేదాకా ఆవిడ అన్నం ముట్టదు.

ముందురోజే ఆమదాలవలసలో రైలెక్కించి హైదరాబాద్ పంపడం మేలా? ఇలా విడి టికెట్లతో వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.