అప్‌డేట్: ఏసీలో గ్యాస్ మళ్లీ మళ్లీ తగ్గిపోయే సమస్య తీరింది

ఏడాదిలో రెండుసార్లు గ్యాస్ నింపించినా మా స్ప్లిట్ ఏసీ చల్లబడటం లేదని, ఇండోర్ కాయిల్ మీద ఒక మూలే మంచు కడుతోందని ఇంతకుముందు అడిగాను. "మళ్లీ గ్యాస్ కొట్టించకండి, ముందు లీక్ పట్టించండి" అన్నవాళ్లకు చాలా థాంక్స్. మీరు చెప్పిందే నిజమైంది.

ఈసారి వచ్చిన టెక్నీషియన్ లైన్‌లోకి నైట్రోజన్ ఎక్కించి, జాయింట్లకు సబ్బు నురగ రాశారు. అవుట్‌డోర్ యూనిట్ దగ్గర సన్న పైపును బిగించే ఫ్లేర్ నట్ నుంచి బుడగలు వచ్చాయి. విప్పి చూస్తే రాగి పైపు అంచు చీలి ఉంది. నట్ ఎంత బిగించినా అది ఆగేది కాదట. ఆ కొస కోసేసి కొత్తగా ఫ్లేర్ చేశారు, అంటే పైపు అంచును గరాటులా వెడల్పు చేశారు. మళ్లీ నైట్రోజన్ పెట్టి, గంట తర్వాత కూడా ప్రెషర్ పడలేదని గేజ్‌లో చూపించారు. తర్వాత వాక్యూమ్ పంపుతో గాలి, తేమ లాగేసి, యూనిట్ లేబుల్ మీద రాసిన బరువు ప్రకారం ఆర్32 గ్యాస్ తూచి నింపారు. ఇదివరకు వచ్చినవాళ్లు వాక్యూమ్ చేయలేదు, తూచనూ లేదు. అది నాకు నిజంగా బాధనిపించింది.

కెపాసిటర్ (మోటార్ స్టార్ట్ అవడానికి, నడవడానికి తోడ్పడే భాగం) మీద అప్పట్లో వచ్చిన అనుమానం తప్పు, దాని రీడింగ్ సరిగానే ఉంది. ఫిల్టర్లు కడిగినా తేడా రాలేదు. నాలుగు నెలలైంది, ఇప్పుడు కాయిల్ అంతా ఒకేలా చల్లబడుతోంది.