హ్యాట్రిక్‌లో నాలుగో స్థానం నిలబెట్టుకోవడానికి 6 లక్షలు పెట్టవచ్చా?

రహీంసాబ్_ఎలెవెన్:

నమస్కారం. హ్యాట్రిక్ అనే ఈ ఆన్‌లైన్ ఫుట్‌బాల్ మేనేజర్ ఆటలో, ఇండియా లీగులో మూడో డివిజన్ జట్టు నాది. పదకొండు మ్యాచ్‌లు ముగిశాయి, నాలుగో స్థానంలో ఉన్నాను. ఐదో జట్టు ఒక్క పాయింటు వెనకే ఉంది. ఇక మిగిలినవి మూడు: ఈ వారం సొంత మైదానంలో అగ్రస్థానంలో ఉన్న జట్టుతో, వచ్చే వారం ఆ ఐదో జట్టు గడ్డ మీద, చివరిది మళ్లీ మా దగ్గర అట్టడుగు జట్టుతో.

ఖజానాలో 9,00,000 ఉంది (అంకెలన్నీ యూరోల్లో చెబుతున్నాను). మార్కెట్లో 33 ఏళ్ల విదేశీ మిడ్‌ఫీల్డర్ ఒకడు కనిపిస్తున్నాడు. వేలం 6,00,000 దగ్గర తేలేలా ఉంది, వారం జీతం 30,000. అతను వస్తే ఆ రెండో మ్యాచ్ మాదేనని నా నమ్మకం.

స్టేడియం సామర్థ్యం 25,000. మా జీతాల బిల్లు వారానికి 1,40,000. స్పాన్సర్లు, అభిమానుల చందా కలిపి 90,000 వస్తుంది.

జట్టుకు ఈ పేరు ఊరికే పెట్టలేదు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దేశానికి ఫుట్‌బాల్ స్వర్ణం తెచ్చిన కోచ్ రహీం మా హైదరాబాదువారు. ఆయన పేరు మోస్తున్న జట్టును నాలుగో డివిజన్‌కు దించి నేను ఎవరికి ముఖం చూపించాలి? కొనమంటారా, వద్దంటారా?

గోల్‌పోస్ట్_గోపాలం:

వద్దు. ఐదో స్థానం అంటే ఉరిశిక్ష కాదు. మన పై డివిజన్ లీగు ఒక్కోదానికి కింద నాలుగు లీగులు ఉంటాయి. కింది డివిజన్ లీగు విజేతలందరిలో మెరుగైన సగం మంది నేరుగా పైకి వచ్చి ఏడు, ఎనిమిది స్థానాల వాళ్లను దించుతారు. ఐదు, ఆరు స్థానాల వాళ్లకు అర్హత మ్యాచ్‌లో ఎదురయ్యేది మిగిలిన సగం మంది. మూడో డివిజన్‌లో కుదురుకున్న జట్టు వాళ్లకు భయపడాలా? దిగిపోయినా నష్టం లేదు, కింద నాలుగు మ్యాచ్‌లు ఎక్కువ గెలుస్తారు, అభిమానులు సంతోషిస్తారు.

చిట్టాపద్దు_చంద్రిక:

గోపాలం గారూ, కొనవద్దనడం వరకు మీతో ఏకీభవిస్తాను. దిగిపోతే నష్టం లేదనడం మాత్రం ఒప్పుకోను. దిగడానికి నాలుగు స్థానాలున్నాయి, ఎక్కడానికి ఒక్కటే. కింద లీగు గెలిచినా విజేతల్లో మెరుగైన సగంలో లేకపోతే మళ్లీ అర్హత మ్యాచ్ ఆడాల్సిందే. ఈలోగా స్పాన్సర్ల సొమ్ము తగ్గుతుంది. స్టేడియానికి జనం తగ్గినా దాని నిర్వహణ ఖర్చు మాత్రం తగ్గదు.

రహీంసాబ్ గారూ, మీ సీట్ల వివరాలు జట్టు పేజీలో చూశాను: నిలబడి చూసేవి 15,000, మామూలు సీట్లు 6,000, కప్పు కింద 3,400, వీఐపీ 600. టికెట్లు 7, 10, 19, 35. కిక్కిరిసి నిండితే 2,50,600. నిర్వహణ వారానికి 16,600.

చాలామంది మేనేజర్లు పట్టించుకోనిది ఒకటుంది. సీజన్ 16 వారాలు, లీగు మ్యాచ్‌లు 14, అందులో గేటు డబ్బు మన చేతికొచ్చేవి 7. జీతాలు మాత్రం 16 వారాలూ కట్టాలి. 14వ వారం దాటాక రెండు వారాలు లీగు గేటు ఉండదు, అసలు లోటు కనబడేది అప్పుడే.

సీజన్‌లో ఇక మిగిలిన ఐదు వారాలు తీసుకోండి. రెండు గేట్లూ నిండితే 5,01,200, ఇతర రాబడి 4,50,000. జీతాలు, నిర్వహణ 7,83,000. మిగులు 1,68,200. వాన పడితే ముందుగా ఖాళీ అయ్యేది మీ 15,000 నిలబడే చోటే కాబట్టి ఈ అంకెను దైవవాక్కు అనుకోకండి. స్టాఫ్, యూత్ ఖర్చులు నేను కలపలేదు. ఆటగాడి ధర, ఐదు వారాల జీతం కలిపి 7,50,000. అంటే అన్నీ కలిసొచ్చినా సీజన్ చివరికి చేతిలో 3,18,200 మిగులుతుంది. ఆ జీతంలో 5,000 అతని పాస్‌పోర్టుకే పోతోంది, విదేశీయుడికి 20 శాతం ఎక్కువ ఇవ్వాలి కదా.

పని అయ్యాక అమ్మేద్దాం అనుకుంటున్నారేమో. కొన్న వెంటనే అమ్మితే ఏజెంటు కోత ఎక్కువ. సీజన్ ముగిసేసరికి అందరూ ముసలివాళ్లను వదిలించుకోవడానికే చూస్తారు, 33 దాటినవాడికి అడిగినంత ఎవరిస్తారు? మొదటి నాలుగు స్థానాలకు వచ్చే బహుమతి పోయిన సీజన్‌లో ఎంత జమ అయిందో మీ ఆర్థిక పేజీలో చూసుకుని, ఈ ఖర్చు పక్కన పెట్టండి.

పాయింట్లు డబ్బుతో కాకుండా స్ఫూర్తితో కొనండి. అగ్రజట్టుతో మ్యాచ్ ఎలాగూ కష్టమే, ‘ప్లే ఇట్ కూల్’ (శక్తి దాచుకుని ఆడే పద్ధతి) పెట్టేయండి. జట్టు స్ఫూర్తి పెరుగుతుంది, మిడ్‌ఫీల్డ్‌కు పనికొచ్చేది అదే. ఐదో జట్టు గడ్డ మీద ‘మ్యాచ్ ఆఫ్ ది సీజన్’ (ప్రాణం పెట్టి ఆడే పద్ధతి) పెట్టండి. దానితో స్ఫూర్తి కరిగిపోతుంది, పోనివ్వండి, తరువాత వచ్చేది అట్టడుగు జట్టు.

ఇంకొకటి. మీ వాళ్ల పుట్టినరోజులు ఒకసారి చూడండి. జీతం మారేది ఆ రోజే. ఈ సీజన్ శిక్షణతో ఎదిగినవాడికి ఆ గేటు లేని వారాల్లో పుట్టినరోజు వస్తే బిల్లు ఒక్కసారిగా పెరుగుతుంది.

గోల్‌పోస్ట్_గోపాలం:

అగ్రజట్టు మీద ‘కూల్’ ఆడి అయిదు గోల్స్ తిన్నాక గోల్స్ తేడాలో ఐదో జట్టు ముందుకు పోతే అప్పుడు చంద్రిక గారిని అడగండి.

చిట్టాపద్దు_చంద్రిక:

మొదట చూసేది పాయింట్లు. అంత భయమైతే ఆ మ్యాచ్‌కు అయిదుగురు డిఫెండర్లను దించమనండి.

రహీంసాబ్_ఎలెవెన్:

వేలం నుంచి తప్పుకున్నాను. అతను 6,40,000కు వేరేవారి దగ్గరికి వెళ్లాడు. కాసేపు దిగులుగానే ఉంది.

పుట్టినరోజుల జాబితా తీశాను. ఈ సీజనంతా శిక్షణ పొందిన 21 ఏళ్ల వింగర్, లీగు మ్యాచ్‌ల్లో బెంచీ మీదే ఉంటున్నాడు, 15వ వారంలో 22లోకి వస్తాడు. జీతం రెట్టింపు అవుతుందని లెక్క తేలింది. ఆలోగా అమ్మితే మంచిదా?

చిట్టాపద్దు_చంద్రిక:

అమ్మండి, ఇప్పుడే పెట్టండి. జాబితాలో పెట్టిన క్షణం నుంచి సరిగ్గా మూడు రోజులకు గడువు ముగుస్తుంది. మన టిఫిన్ వేళ పెడితే యూరప్ నిద్రపోతున్నప్పుడు వేలం తేలుతుంది. మన లెక్కలో రాత్రి పదకొండున్నరకు పెట్టండి, అప్పుడు స్వీడన్‌లో సాయంత్రం. ప్రారంభ ధర మరీ పైన పెట్టవద్దు.