నూఱిటియా, నూఱింటియా?
(విశాఖ వాళ్ల కబుర్లు, ఎవరికి వారి పేట పేరే)

మధురవాడ:
ఇవాళ మా లేఅవుట్ పక్కన పాత నుయ్యికి మోటారు పెట్టి పొద్దున్నుంచీ తోడుతున్నారు. కాస్త దూరంలో ఉన్న బోరులోకి టేపు దించి నీరెంత దిగిందో రాస్తున్నారు. మొదట నిమిషానికోసారి, ఇప్పుడు అరగంటకోసారి. ఏమిటండీ అంటే "రాయి నీళ్లని ఎంత తేలిగ్గా పోనిస్తుందో చూస్తున్నాం" అన్నారు. అక్కడ నిలబడినంతసేపూ నన్నయ భారతంలో శకుంతల దుష్యంతుడితో చెప్పే పద్యం, "నుతజల పూరితంబులగు నూతులు నూఱింటికంటె" అన్నదే తలలో తిరుగుతోంది. తర్వాత "ఒక బావి మేలు" కదా? నుయ్యీ బావీ ఒకటే అయితే మేలేమిటి?

పెందుర్తి:
నాయనా, నూఱింటి కాదు, నూఱిటి. చంపకమాల. గునూతు, లునూఱి, టికంటె మూడూ జగణాలు, నడుమ గురువు, అటూ ఇటూ లఘువులు. నువ్వు సున్న పెట్టావంటే ఱి కూడా గురువై నడిమిది యగణమై కూర్చుంటుంది.

గాజువాక:
మా తాతగారు సున్నతోనే చదివేవారు మాస్టారూ. నోటికి అదే హాయి.

పెందుర్తి:
తాతగారు పాడారమ్మా. గణాలు లెక్కపెట్టి ఉండరు.

భీమిలి:
సున్న సంగతి ఉంచండి. సంస్కృత మూలంలో "వరం కూపశతాద్వాపీ". కూపం నుయ్యి, వాపి మెట్లు దిగి వెళ్లే పెద్దది. ఆ వాపే మనకి బావి అయింది. కాబట్టి నన్నయ తేడా తెలిసే రాశాడు. ఇప్పుడా తేడా పోయింది. మా అత్తగారిది కరీంనగర్, మా పెరట్లో ఒరలు దింపిన నుయ్యి ఆవిడకి బావే. ఇక్కడ మెట్లేవి అని అడిగితే నవ్వుతుంది.

సీతమ్మధార:
నాకు గణాలు రావు గానీ భూగర్భ జలాల పనిలోనే తల నెరిసింది. నా పేచీ "జలపూరితం" దగ్గర. నిండుగా ఉన్నంత మాత్రాన నుయ్యి మంచిదనలేం. 3 మీటర్ల వెడల్పు నూతిలో 2 మీటర్లు దిగేసరికి 14,000 లీటర్లు తోడేసినట్టే. అందులో చాలాభాగం నూతి కడుపులో అంతకుముందే ఉన్న నీరు, రాయి ఇచ్చింది కాదు. తోడితే నీరెంత దిగుతుందో చెప్పడానికి 1935లో థైస్ ఇచ్చిన సూత్రంలో ఈ నిల్వ నీటికి చోటు లేదు, సన్నటి బోరుకైతే సరిపోతుంది. పెద్ద నూతులకి లెక్క సరిచేసింది పాపడోపులోస్, కూపర్, 1967లో. అందుకే మొదటి గంట అంకెలు చూసి మురిసిపోకూడదు.
పైగా మనది ఖొండలైట్, కోణార్క గుడి కట్టిన రాయి. కుళ్లి మెత్తబడ్డ చోట నీరు బాగా పట్టి ఉంచుతుంది, వదలమంటే వదలదు. పగులు తగిలితేనే పారుతుంది.

పెందుర్తి:
అయ్యా, నుత అన్నది జలానికి విశేషణం. పొగిడింది నీటిని, నూతిని కాదు. మీ పేచీ చెల్లదు. అసలు అందం చూడండి: నుత, నూతులు, నూఱిటి, సూనృత. చేద నీళ్లలో మునిగేటప్పటి చప్పుడు వినిపించడం లేదూ? తన కవితకి అక్షరరమ్యత ఉందని నన్నయ ఊరికే అనుకున్నాడా! "సూనృత" దగ్గర పాదం అయిపోతుంది, "వ్రత" కింది పాదంలో పడుతుంది. దుష్యంతుడికి సత్యవ్రతుడా అని పిలుపు. శకుంతల నోట్లో ఆ మాటే రెండు ముక్కలైంది.

భీమిలి:
మాస్టారూ, యతిప్రాసల కోసం విరిగిందేమో!

పెందుర్తి:
నన్నయకి యతి అడ్డం రావడమా? రేపు తిక్కనకి తెలుగు రాదంటారు.

గాజువాక:
ఆ నూతి దగ్గర కొలిచే దానికి తెలుగు మాట ఏమిటండీ? పారగమ్యతేనా?

సీతమ్మధార:
అది రాతి గుణం ఒక్కటే. దాన్ని నీరున్న పొర మందంతో హెచ్చవేస్తే వచ్చేది వేరు, ఇంగ్లీషులో ట్రాన్స్‌మిసివిటీ, రోజుకి ఇన్ని చదరపు మీటర్లని చెప్తాం. దిగిన లోతు నిలువుగా, కాలం లాగ్ కొలతలో (పదింతలకొక గడి) అడ్డంగా పెట్టి గీత గీస్తే ఒక దశలో తిన్నగా వస్తుంది. గీత ఎంత నిటారుగా దిగితే రాయి అంత మొండిది. ఆ ట్రాన్స్‌మిసివిటీని నేను "ఊటబలం" అని రాసుకునేవాణ్ణి.

భీమిలి:
బోరు కుర్రాళ్లు "జల బాగుంది" అంటారు. అది చాలదా? జల అంటే వాళ్లకి నీరు కాదు, నీరొచ్చే దారి.

పెందుర్తి:
ఊరు నుంచి ఊట. ఊరు అంటే గ్రామం కూడానూ. నీరు ఊరిన చోటే ఊరు వెలిసిందని నా అభిప్రాయం.

సీతమ్మధార:
మాస్టారూ, దానికి ఆధారం?

పెందుర్తి:
అభిప్రాయం అన్నానుగా.

మధురవాడ:
సాయంత్రం మోటారు ఆపేశారు. ఆపాక నీరు తిరిగి లేవడం కూడా రాసుకుంటున్నారు, దిగినప్పుడంత శ్రద్ధగానూ. రాత్రి పదైంది, పాత మట్టానికి ఇంకా జానెడు తక్కువ. ఇంతకీ బావి ఎందుకు మేలండీ?

పెందుర్తి:
ముందు పైన ఆ సున్న తీసెయ్యి బాబూ.